జోహార్లు విన్న మనిషి

నేను ఒక చేతిమైకును. గొంతు నాది, మాట మాత్రం పట్టుకున్నవాడిది. సమ్మె రోజుల్లో జూట్ మిల్లు కార్మికులు చందాలేసుకుని నన్ను కొన్నారు. గేటు ముందు నాతో నినాదాలిచ్చినవాడు తవిటయ్య. అబ్బో, ఏం గొంతు! ఆయన కేక వేస్తే మేనేజరు బంగళా కిటికీలు టపటపా మూసుకునేవి. పోయిన కార్మికులకు శ్మశానంలో జోహార్లు చెప్పిందీ ఆయనే.

పని ముగిసినవాళ్లంతా విశ్రాంత కార్మికుల సంఘం పెట్టుకుంటే, నన్నూ వాళ్లతోపాటే రిటైరు చేశారు. మొదటి మీటింగులో అధ్యక్షుడు లక్ష్మున్నాయుడు, సంఘం నుంచి ఎవరికేం కావాలో చెప్పమన్నాడు. ఒకరు కంటి క్యాంపు అన్నారు, ఒకరు తీర్థయాత్ర అన్నారు. తవిటయ్య నన్ను అందుకున్నాడు.

“నాకయ్యేటీ ఒద్దు. మనలో ఎవుడు మంచాన పడినా ఎల్లి పక్కన కూకోవాల. మిల్లు ముచ్చట్లు సెప్పాల. అంతే.”

అందరూ చేతులెత్తారు. తీర్మానం ఏకగ్రీవం. చిక్కల్లా అక్కడే ఉంది. జీవితమంతా చేతులెత్తి తీర్మానాలు చేసినవాళ్లు కదా, చెయ్యి ఎత్తితే పని అయిపోయినట్టే వాళ్ల లెక్క.

తర్వాత తవిటయ్యకే పక్షవాతం వచ్చింది. ఇల్లు సంఘం ఆఫీసు వెనక సందులోనే. ఒక్కడంటే ఒక్కడు వెళ్లలేదు. నెలల తరబడి మీటింగుకు రాని మనిషి పోయే ఉంటాడని ఎవరో అన్నారు, ఎవరూ కాదనలేదు. నాయుడు అందరినీ లేపి మౌనం పాటింపజేశాడు. ఆనక నన్నెత్తి, “కామ్రేడ్ తవిటయ్యకు జోహార్!” అన్నాడు. ఛీ, ఆ మాట నా నోటే రావాలా!

తవిటయ్య భార్య పైడమ్మ పరుగున వచ్చింది.

“ఎవుడికయ్యా జోహార్లు? ఆడు బతికే ఉన్నాడు! మీ మైకు ఇని మంచం మీద ఏడుస్తన్నాడు. ఒక్కసారొచ్చి కూకోండి నాయుడన్నా.”

సిగ్గుతో తలలు వంగాయి. “వచ్చే వారం తప్పకుండా వస్తాం వదినా” అన్నాడు నాయుడు. పొరపాటుకు విచారిస్తూ మరో తీర్మానం చేశారు. మళ్లీ చేతులెత్తారు. బస్సు టైమైందని ఒకరు, మాత్రల వేళైందని ఒకరు జారుకున్నారు. చెడ్డవాళ్లు కారు, భయస్తులు. ఆ మంచం చూస్తే రేపటి తమ మంచం కళ్లకు కడుతుందని భయం.

వచ్చే వారం రాలేదు. వానాకాలంలో తవిటయ్య నిజంగానే పోయాడు. తర్వాతి మీటింగుకు పైడమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నాయుడు నన్నెత్తాడు. కార్యదర్శి ఆయన చెవిలో, “ఆయనకి జోహార్లు అప్పుడే చెప్పీసినాం కదండీ, మళ్లీ చెప్తే ఏం బాగుంటాది?” అన్నాడు. నాయుడు నన్ను దించేశాడు.

పైడమ్మకు ఆ మాట వినబడనే వినబడింది. “పోన్లెండి బాబూ, అప్పుడైతే ఆడు ఇన్నాడు” అని వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను బీరువాలో, మడత నలిగిన జెండాల కింద ఉన్నాను. బ్యాటరీలు కారి లోపలంతా చిలుం పట్టింది. బయట మీటింగు జరుగుతోంది. ఈసారి మంచాన పడ్డది నాయుడట. పరామర్శకు వెళ్లాలని తీర్మానం చేస్తున్నారు. అందరూ చేతులెత్తే ఉంటారు.