నాలుగో ఉంగరం

పాత ఇనుప చక్రాలు నాలుగూ విప్పి గోడకు ఆనించేసరికి మెకానిక్ 'ఇంకోసారి'కి నడుం పట్టేసింది. చెయ్యి వెనక్కి పెట్టి నొక్కుకుంటూ, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడలేదు. అమ్మయ్య అనుకున్నాడు.

అసలు పేరు వేరే ఉంది కానీ, చక్రాల షాపులో అందరికీ అతను ఇంకోసారే. బిగించడం అయ్యాక "ఇంకోసారి చూద్దాం" అనకుండా ఒక్క కారునైనా వదిలిన పాపాన పోలేదు మరి. ఇంట్లోనూ అదే వరస. తలుపుకు తాళం వేసి, సందు చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు. "నన్ను చేసుకునేటప్పుడు మాత్రం ఒక్కసారికే సరేనన్నారు, అప్పుడేమైందో ఈ తెలివి!" అని భార్య దెప్పుతుంది. ఆ మాటకు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు.

ఇవాళ్టి కారు ఒక కుర్రవాడిది. తళతళలాడే అల్లాయ్ చక్రాలు, వేరే రకం కారువి, ఎక్కడో కొని డిక్కీలో రెండు, వెనక సీట్లో రెండు వేసుకొచ్చాడు. వాటి మధ్య రంధ్రం ఈ కారుకు పెద్దది. ఆ సందు పూడ్చడానికి ఒక్కో చక్రం లోపల ఒక రింగు వెయ్యాలి. షాపులో దాన్ని ఉంగరం అంటారు. అది లేకపోతే చక్రం సరిగ్గా నడిమధ్యన కూర్చోదు. ఊళ్లో మెల్లగా తిరిగినంతసేపూ తెలియదు కానీ, వేగం అందుకుంటే స్టీరింగు వణికిపోతుంది, నట్లు వదులవుతాయి.

"త్వరగా కానివ్వండి అంకుల్. మా ఆవిడా పాపా ఇంట్లో రెడీగా కూర్చున్నారు. హైవే ఎక్కాలి."

"మరీ తొందరపడితే చక్రం ముందెళ్తుంది బాబూ, నువ్వు వెనకెళ్తావ్."

కుర్రవాడు నవ్వలేదు. ఇంకోసారి తనే కాస్త నవ్వుకుని పనిలో పడ్డాడు. తుప్పు గీకడం, తుడవడం, ఉంగరం తొడగడం, చక్రాన్ని పాదం మీద ఆనించి పైకెత్తడం. నాలుగోది, ముందు కుడివైపుది, ఎత్తేటప్పుడు నడుం మళ్లీ కలుక్కుమంది. పళ్లు బిగబట్టి ఎక్కించేశాడు. ఎదురెదురు నట్లు జతగా బిగించి, జాకీ దించి, ఇంకోసారి అన్నిటికీ పానా వేసి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. కారు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నం తిని, చేతులు తుడుచుకుందామని గుడ్డ దులిపాడు. అందులోంచి ఉంగరం ఠింగుమని కింద పడింది.

ఉంగరం పట్టుకుని ఓనరు దగ్గరికి పరిగెత్తాడు. పాత ఓనరు కొడుకు ఇతను, చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాడు. ఫోన్ చేశాడు. కుర్రవాడు ఎత్తలేదు. ఇంకోసారి తన ఫోన్ నుంచి కూడా చేశాడు. ఊహూ.

"కంగారు పడకు బాబాయ్. ఉంగరాల్లేకుండా ఎంతమంది తిరగట్లేదు?"

"వాళ్లకు నేను బిగించలేదుగా బాబూ."

వెళ్లి రోడ్డు పక్కన నిలబడ్డాడు. పసిపిల్ల ఉంది ఆ కారులో, దేవుడా, నా నడుం నొప్పి పాడుగాను అని తనను తానే తిట్టుకున్నాడు. భార్య ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"తిన్నాను. తప్పు చేశానే. ఒక కారుకి ఉంగరం వెయ్యలేదు."

"ఎవరికైనా ఏమన్నా అయిందా?"

"తెలీదు."

"అయితే ఫోన్ పెట్టేయండి. వాళ్లు చేస్తారేమో."

సాయంత్రం పొద్దు వాలుతుండగా ఆ కారు రోడ్డు అంచున పాకుతున్నట్టు వచ్చింది. కుర్రవాడు దిగుతూనే అరిచాడు.

"స్టీరింగ్ ఊడి చేతిలోకొచ్చేలా ఉంది! లోపల పసిపిల్ల ఉందండీ!"

"తప్పు నాదే బాబూ. ఒక ఉంగరం మర్చిపోయాను."

ఇంకోసారి లోపలికెళ్లి తన రబ్బరు పట్టా తెచ్చి ముందు కుడి చక్రం దగ్గర పరిచాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు నట్లు పానా అక్కర్లేకుండా వేళ్లకే వచ్చేశాయి. వెనక సీట్లో పాప తల్లి భుజం మీద నిద్రపోతోంది. ఉంగరం తొడిగి చక్రం ఎక్కించాడు. నట్లు బిగించాడు. ఇంకోసారి చూశాడు.

"ఇప్పుడు పర్లేదా అండీ?" అని అడిగిందా తల్లి.

పర్లేదమ్మా అనడానికి నోరు రాలేదు. పానా ఓనరు చేతికిచ్చి, "నువ్వొకసారి చూడు బాబూ" అన్నాడు. ఆ మాట అతని నోట ఎన్నడూ వినని ఓనరు బిత్తరపోయాడు. వంగి ఒక్కో నట్టూ చూసి, బాగుందన్నాడు. కారు వెళ్లింది, కాసేపటికి కుర్రవాడే ఫోన్ చేసి హైవే ఎక్కామని, వణుకు లేదని చెప్పాడు.

"రేపు పొద్దున్నే పెద్ద బండి ఉంది బాబాయ్."

"నేను రాను బాబూ."

"ఒక్క తప్పుకేనా?"

"చేత్తో బిగించా, కళ్లతో చూశా. తప్పుందని రెండూ నాకు చెప్పలేదు. చాలు."

ఓనరు ఇంకేదో అనబోయాడు. అతను అప్పటికే చెప్పులేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఎప్పటిలా వెనక్కి వచ్చి ఏమీ చూడలేదు.

షట్టర్ దించబోతూ ఓనరు ఆగాడు. కారు నిలిచిన చోట రబ్బరు పట్టా అలాగే ఉంది, దాని మధ్యలో మోకాళ్లు ఆనీ ఆనీ పడిన రెండు గుంటలతో.