మడిచిన అంచు

మా ఆయనకి సముద్రం అడుగున ఇంకో పావుగంట ఎక్కువ ఉండాలని కోరిక. నాకు ఆయన పైన ఉంటే చాలని కోరిక. మా సెలవులన్నీ ఈ రెండు కోరికల మధ్య నలిగాయి.

మామూలు గాలితో నీళ్లలోకి దిగడం ఆయన పెళ్లికి ముందే నేర్చుకున్నారు. ఈసారి నైట్రాక్స్ సర్టిఫికెట్ కావాలన్నారు. సిలిండర్‌లో ప్రాణవాయువు శాతం పెంచిన గాలి అది. దాంతో కింద ఎక్కువసేపు ఉండొచ్చట. దానికి ఒక పుస్తకం, ఒక పరీక్ష, రెండుసార్లు సముద్రంలో దిగడం. "సెలవుల్లో ఏదో ఒక సందు చూసుకుని కానిచ్చేస్తాను, నీకూ పిల్లకీ అడ్డం రాను" అన్నారు.

సందు ఎక్కడిది? వచ్చిన రోజే పిల్లకి, మా పిచ్చుకకి, జ్వరం తగులుకుంది. అది తగ్గేలోపు పరీక్ష రాశారు, ఒకసారి దిగొచ్చారు. రెండోది మిగిలిపోయింది. విమానం రేపు మధ్యాహ్నం. నీళ్లలోంచి వచ్చాక ఒక రోజు ఆగందే విమానం ఎక్కకూడదు. అందుకని ఇవాళ పొద్దున్నే దిగాలి, లేకపోతే ఇక లేదు.

పుస్తకం చదివింది నేను. ఆయనకి అక్షరం చూస్తే నిద్ర. మంచం మీద వెల్లకిలా పడుకుని, "చదివి పెట్టు పంతులమ్మా" అనేవారు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన పంతులమ్మని. లెక్కలున్న చోట దాటేశాను. ఒక్క పేజీ మాత్రం దాటలేకపోయాను. ప్రాణవాయువు ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాను అప్పటిదాకా. లోతుకి పోయేకొద్దీ అదే విషమవుతుందట. ఒళ్లు కొంకర్లు పోయి నోట్లో గొట్టం జారిపోతుందట. ముందుగా ఏ గుర్తూ తెలియకపోవచ్చట. అది చదివి పక్కకి చూస్తే ఆయన గురక పెడుతున్నారు. లేపి మళ్లీ చదివాను.

"విన్నానే తల్లీ. ఎవరి సిలిండర్‌ని వాళ్లే మీటర్ పెట్టి చూసుకోవాలి. ప్రాణవాయువు ఎంత శాతం, ఎంత లోతు అన్నది టేపు మీద రాసి సంతకం పెట్టి అతికించాలి. ఆ లోతు దాటకూడదు. చాలా?"

"వేరేవాళ్లు చూశాం అంటే ఒప్పుకోకూడదు."

"ఒప్పుకోను. వాతావరణ సూచన అయిపోయిందా?"

నా భయాలకి ఆయన పెట్టిన పేరు అది. కారులో పెట్రోలు దీపం ఎర్రగా వెలిగాక కూడా "ఇంకా పోతుందిలే" అనే మనిషి ఆయన. పొయ్యి కట్టేశారా అంటే "కట్టేసే ఉంటాను" అంటారు.

పొద్దున్న ముగ్గురం రేవు పక్కనున్న డైవింగ్ దుకాణానికి వెళ్లాం. వెనక సిమెంటు పెరడు. తాడు మీద ఆరేసిన రబ్బరు బట్టలు తలలేని మనుషుల్లా వేలాడుతున్నాయి. గోడవారన రెండు పసుపు సిలిండర్లు. నేర్పించే మాస్టారు మీటర్ ఇచ్చారు. మా ఆయన తన సిలిండర్ మూత తిప్పి, గాలి వదిలి, అంకె నిలబడేదాకా చూశారు. నేను కూడా భుజం మీంచి చూశాను. ముప్పై రెండు శాతం. టేపు మీద ఆ అంకె, కింద "33 మీటర్లు" అని రాసి సంతకం గీకి అతికించారు. ఇవాళ వెళ్లేది మునిగిపోయిన పాత ఓడ దగ్గరికి. ముప్పై మీటర్లు దాటిన లోతు.

"చూశావుగా? ఇక ఊపిరి పీల్చుకో" అని బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు.

నేను పిల్ల నీళ్ల సీసా నింపి వెనక్కి తిరిగేసరికి మా పిచ్చుక అరచేతికి ఆ టేపు అంటించుకుని, ఊపి ఊపి ఎండకి చూపిస్తోంది. గొడవెందుకు, పిల్లని కోప్పడతారు, ఆలస్యమవుతుంది అనుకున్నాను. గోడ దగ్గర టేపు లేని సిలిండర్ కనిపించింది. దానికి అతికించి, అంచు కాస్త మడిచి గట్టిగా నొక్కాను. పెళ్లికి ముందు ప్యాకింగ్ పనికి వెళ్లేదాన్ని, ఆ మడత అక్కడి అలవాటు. తర్వాత తీసేటప్పుడు గోరుతో గీక్కోనక్కర్లేదు. ఇంట్లో ఏ టేపు చుట్ట తీసినా అంచు మడిచి ఉంటుంది.

పడవ నడిపే ఆయన వచ్చి టేపున్న సిలిండర్ భుజానికెత్తుకున్నాడు. మా ఆయన పిల్ల బుగ్గ గిల్లి పడవెక్కారు. పడవ కొండ మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

దుకాణం నడిపే అక్క మీటర్ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. "మధ్యాహ్నం నీళ్లలో ఫొటోలు తీసేవాళ్లకి ఒకటి నింపి పెట్టాను, చూడాలి" అంటూ మిగిలిన సిలిండర్ తిప్పింది. అంకె చూసి మొహం చిట్లించింది. మీటర్‌ని మామూలు గాలిలో పెట్టి సరిచేసి మళ్లీ చూసింది.

"ఇదేంటి, ముప్పై రెండు చూపిస్తోంది? నేను నలభై నింపానే."

గోడ వంక చూశాను. రెండు సిలిండర్లు. పిల్ల టేపు పీకాక రెండూ బోసివే. నేను రెండోదాన్ని చూడనేలేదు.

"అక్కా," అన్నాను, "నలభై అయితే ఎంత లోతు?"

"పాతిక. ఏం?"

చెప్పాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సగం విని అక్క లోపలికి పరిగెత్తింది. రేడియో పట్టుకుని పడవని పిలిచింది, పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. "కొండ చాటున అందదు" అంది. నేను ఆయనకి ఫోన్ చేశాను. నా పక్కనే ఉన్న అలమారాలో, ఆయన చొక్కా జేబులోంచి మోగింది.

"పెద్ద పడవ ఏదైనా..."

"పంపించాను, పక్క రేవువాణ్ణి. కానీ అమ్మాయ్, వాడు చేరేసరికి వీళ్లు దిగేసి ఉంటారు."

"నలభైతో ఆ ఓడ దాకా పోతే ఏమవుతుంది?"

అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఏమీ కాకపోవచ్చు. కొందరికి ఏమీ కాదు. ఎవరికి ఎప్పుడు అవుతుందో ముందు తెలీదు, అదే దాంతో చావు." ఆ మాట నోరు జారాక నాలిక కరుచుకుంది.

రేవు గట్టు మీద కూర్చున్నాను. పిచ్చుక నా ఒళ్లో ఎక్కి, "నాన్న చేపల్ని పట్టుకొస్తాడా?" అంది. పట్టుకోడమ్మా, చూసొస్తాడు అన్నాను. పిల్ల చెయ్యి తీసి చూశాను. అరచేతికి టేపు జిగురు ఇంకా అంటి ఉంది. దాన్ని నా కొంగుతో తుడుస్తూనే ఉన్నాను. అది "అమ్మా, నొప్పి" అనేదాకా తెలియలేదు, ఎంత గట్టిగా రుద్దుతున్నానో.

ఇంతకాలం లేనిపోని వాటికి భయపడ్డాను. లిఫ్ట్‌కి, కుక్కకి, పిల్ల మింగే ద్రాక్షపండుకి. అసలు ప్రమాదాన్ని నా చేత్తోనే అతికించి, నొక్కి మరీ పంపించాను.

కొండ మలుపులో పడవ కనిపించింది. లేచి నిలబడ్డాను. మనుషుల్ని లెక్కపెట్టాలని ఉంది, కళ్లకి ఆనడం లేదు. దగ్గరికొచ్చాక ముందు కూర్చున్న మాస్టారు కనిపించారు, జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి. వెనక ఒక మనిషి వంగి కూర్చుని ఉన్నాడు. జుట్టు గాలికి ఎగురుతోంది.

పొడి జుట్టు.

ఆయన గట్టెక్కారు. మొహం పచ్చగా పాలిపోయి ఉంది. "దిగలేదు" అన్నారు. "పడవలో కూర్చుని రెండుసార్లు కక్కుకున్నాను. నీ సర్టిఫికెట్ సముద్రంలో కలిసింది పో అని మాస్టారు ఒకటే ఎకసెక్కం."

"అంకె ఉంది, నీ సంతకమే ఉంది, ఇంకేంటయ్యా అన్నాను" అన్నారు మాస్టారు. "వింటేగా. సంతకం నాదే, అతికించింది మా ఆవిడ అంటాడు. మీటరేమో ఒడ్డునే ఉండిపోయె."

నేను ఆయన వంక చూశాను.

"అంచు మడిచి ఉంది" అన్నారు. "నేనెప్పుడైనా మడిచానా? వేరేవాళ్లు చేసింది ఒప్పుకోకూడదని నిద్ర లేపి మరీ చదివావుగా."

అక్క ఆ సిలిండర్ దింపించి మీటర్ పెట్టింది. అంకె ఎక్కుతూ పోయింది. ముప్పై దాటింది. టేపు మీదున్న అంకె దాటింది. నలభై దగ్గర నిలబడింది.

ఎకసెక్కాలాడే మాస్టారు తల తిప్పుకున్నారు. మా ఆయన కాసేపు అంకెనే చూసి, తడి సిమెంటు మీద కూలబడ్డారు. పిల్లని నాకన్నా ముందు ఆయనే దగ్గరికి లాక్కున్నారు.

"మళ్లీ ఏడాది చూద్దాంలే" అన్నాడు పడవ నడిపే ఆయన, ఓదార్పుగా.

మా ఆయన చెయ్యి చాచి, మడిచిన అంచు పట్టుకుని టేపు లాగారు. గీకాల్సిన పని లేకపోయింది. ఒక్క లాగుకి వచ్చేసింది.