మూడు వేళ్ల నురగ

నేను ఒక లీటరు మగ్గుని. దొడ్డు గాజు ఒళ్లు, పట్టుకోను ఒక చెవి. ఖాళీగా ఉన్నప్పుడే కిలో పైన తూగుతాను. నా అంచుకి కాస్త కింద ఒక సన్నని గుర్తు ఉంది. బీరు అక్కడిదాకా ఉంటే లీటరు, లేకపోతే దోపిడీ. నా చదువంతా అంతే. కూర్చోండి, మిగతాది చెప్తాను. చేతులు మాత్రం నాకు కనపడేలా పెట్టుకోండి.

నాకు తెలుగెట్లా వచ్చిందని అడక్కండి. మ్యూనిక్ ఊళ్లో పండగ పదహారు రోజులూ అన్ని దేశాల మూతులూ నా అంచుకే ఆనుతాయి. నాలుగు మాటలు అంటుకోవా?

ఊది చేశారని గొప్పలు పోయే గ్లాసులుంటాయి. నేను ఆ రకం కాదు. బవేరియా అడవుల పక్కన ఒక ఫ్యాక్టరీలో ఎర్రగా కాగిన గాజు ముద్ద అచ్చులో పడింది, పైనించి ఇనుము ఒక్క గుద్దు గుద్దింది, నేను పుట్టాను. మా తాతముత్తాతలు మట్టి మగ్గులు. వాటిలో ఎంత పోశారో పోసినవాడికే ఎరుక. తర్వాత గాజు వచ్చింది. ఇప్పుడు అందరికీ కనపడుతుంది. కనపడినా ఎవడూ చూడడు. నాకు మండేది అక్కడే.

ఆ పండగ పేరే అనుమానం. అక్టోబర్ పండగ అంటారు, సెప్టెంబర్‌లో మొదలుపెడతారు. పేరులోనే నెల మార్చినవాళ్లు కొలతలో మార్చరా? మా డేరాలో వేలమంది ఒకేసారి కూర్చుంటారు. పీపా దగ్గర నిలబడ్డవాడు నన్ను నిటారుగా పట్టి బీరు వదుల్తాడు. వంచి పడితే నురగ తక్కువ, బీరు ఎక్కువ. ఆ సంగతి వాడికి తెలుసు. అందుకే వంచడు. నురగ అంచు దాటి పొంగుతుంది, జనం చప్పట్లు కొడతారు. కాసేపటికి నురగ దిగుతుంది, గుర్తుకి మూడు వేళ్ల కింద బీరు నిలుస్తుంది. ఈలోపు బ్యాండువాళ్లు పావుగంటకోసారి అదే పాట ఎత్తుకుంటారు, అందరూ లేచి మగ్గులు ఢీకొట్టి గుటకేస్తారు. గుటక పడ్డాక కొలత ఎవడికి కావాలి? ఆ పాటెందుకో మీరే ఆలోచించుకోండి.

తాగేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? నన్ను ఎత్తుకుపోవాలని చూసినవాళ్లు లెక్కలేనంతమంది. ఒక పళ్ల డాక్టరు కోటు కింద దాచాడు. ఒక ముసలమ్మ తోపుడు బండిలో మనవరాలి దుప్పటి కింద నన్ను పడుకోబెట్టి జోకొట్టుకుంటూ పోయింది. గేటు దగ్గర కాపలావాళ్లు దుప్పటి ఎత్తితే, పిల్ల నన్ను కరుచుకుని నిద్రపోతోంది. అప్పట్నించీ ఎవరు ముట్టుకున్నా నాది ఒకటే ప్రశ్న: వీడు దాచేదెక్కడ?

ఒక మధ్యాహ్నం ట్రౌడల్ ఒకేసారి పది మగ్గులు రొమ్ముకి ఆనించుకుని వచ్చి, నన్ను కొత్త మనిషి ముందు దించింది. ట్రౌడల్ మా డేరాలో ఇరవై ఏళ్లుగా వడ్డిస్తోంది. ఆమె మణికట్లు ఎప్పుడూ వాచే ఉంటాయి.

ఆ కొత్త మనిషి సత్తిలింగం గౌడు. మోత్కూరు పక్క పల్లె, తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. అరిచేతులు చెట్టు బెరడులా ఉన్నాయి. పొట్ట మాత్రం ఆ బక్క ఒంటికి అతకని ఎత్తున చొక్కా కింద ఉబ్బి ఉంది. నేను అక్కడే పట్టేశాను. వీడు దాచేది ఆ పొట్ట దగ్గరే.

ఎదురుగా కెస్లర్. చెట్లూ కొండలూ ఎక్కేవాళ్లకు తాళ్లు చేసే కంపెనీ మనిషి. తోలు లాగు, ఈకల టోపీ, అన్నీ కొత్తవే, మడతలు కూడా పోలేదు. మధ్యలో హిమజ. హనుమకొండ పిల్ల, అదే కంపెనీలో పని చేస్తుంది, ఆ రోజుకి దుబాసీ.

వాళ్ల మాటల్లో నాకు తెలిసిన కథ ఇది. మూడేళ్ల కింద సత్తిలింగం తమ్ముడు కొమురెల్లి తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుం విరిగింది, మంచానికే అయ్యాడు. సత్తిలింగం ఎనిమిది నెలలు మోకుతో కుస్తీపట్టి ఒక ముడి కనిపెట్టాడు. మోకంటే చెట్టునీ మనిషినీ కలిపి పట్టే తాడు. కాలు జారితే ఈ ముడి బిగుసుకుని మనిషిని చెట్టుకే ఆపుతుంది. దాన్ని చుట్టుపక్కల గీతవాళ్లందరికీ నేర్పుతానని తమ్ముడి మంచం పట్టె పట్టుకుని మాటిచ్చాడు. వాళ్ల గీత కార్మికుల సొసైటీ అతను చెట్టెక్కే వీడియో ఈ కంపెనీకి పంపింది. అందులో ముడి సరిగ్గా కనపడలేదట, అందుకే మనిషినే పిలిపించారు. మూడు రోజులు తలుపులేసుకుని ఇనప స్తంభం మీద ఎక్కించి చూశారు.

ఊళ్లో పండగ, ఒక్క గదీ దొరకలేదు. గోదాం పక్క గదిలో పడుకోబెట్టారు. ఒప్పందం మీద సంతకం కోసమేమో డేరాకి తెచ్చారు.

"మూడొద్దులు ఆఫీసుల బయటికి తియ్యని కాయితం తాగేకాడ ఎందుకు తీసిండు బిడ్డా?" అన్నాడు సత్తిలింగం.

"ఇక్కడ అలవాటు అంకుల్. పండగ కదా, సంతోషంగా చేద్దామని."

"అంకుల్ ఏంది? నేనేమన్న మీ బ్యాంకు మేనేజర్‌నా?"

హిమజ నవ్వింది గానీ ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. కాగితాన్ని నా కిందికి తోసింది, గాలికి ఎగరకుండా. నా అడుగున అక్షరాలు. అన్నిటికన్నా చిన్నవి చివరి లైనులో ఉన్నాయి.

బ్యాండు పాట ఎత్తుకుంది. డేరా మొత్తం లేచింది. కెస్లర్ మగ్గెత్తి "ప్రోస్ట్!" అని సత్తిలింగం కళ్లలోకి చూశాడు. అక్కడ ఆచారం అది. ఢీకొట్టాలి, కళ్లలోకి చూడాలి, తాగాలి. కాదంటే మొహం మీద కొట్టినట్టే.

సత్తిలింగం నన్ను ముట్టుకోలేదు.

"ఎత్తండి అంకుల్, ఏమన్నా అనుకుంటారు," అంది హిమజ.

"అనుకోనియ్. మా కల్లు మండువల నురగ దిగకముందు ముంత ఎవ్వడు ముట్టడు. పోసినోడు సుత ఆగుతడు. నురగ దిగినాంక తక్కువైతే వాడే మళ్ల పోస్తడు. గప్పుడు మాట, గప్పుడు తాగుడు."

కెస్లర్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. పాట అయిపోయింది. చుట్టూ మూతులు తుడుచుకుంటున్నారు. ఈ ఒక్కడు మాత్రం మోచేతులు బల్లమీద ఆనించి నన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్లలో నన్ను అట్లా చూసినవాడు లేడు. దొంగ చూపేమో అనుకున్నాను. ముందు కొలిచి తర్వాత ఎత్తుకుపోతాడని.

నురగ దిగింది. సత్తిలింగం జేబులోంచి సున్నం డబ్బీ తీసి, వేలికి కాస్త అంటించుకుని, బీరు నిలిచినచోట నా పొట్టమీద తెల్లగా ఒక గీటు గీశాడు. గాజు గుర్తుకీ సున్నం గీటుకీ మధ్య మూడు వేళ్లు పెట్టి కెస్లర్‌కి చూపించాడు.

"కండ్ల ముందటనే ఇంత తక్కువ పోసేటోళ్లు కాయితంల ఎంత తక్కువ పోసిన్రో. సారును అడుగు బిడ్డా."

బీరు పోసింది కెస్లర్ కాదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాగితాన్ని గబుక్కున తనవైపు లాక్కున్నాడు. నా కింది తడికి అది చిరిగి సగం బల్లకే అంటుకుంది.

"నువ్వు మొత్తం సదివినవా నాకు?" సత్తిలింగం గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది.

హిమజ మెడలోని ఆఫీసు కార్డుని చేత్తో నలుపుతూ కూర్చుంది. తర్వాత తెలుగు మారిపోయింది. ఆఫీసు తెలుగు పోయి ఇంటి తెలుగు వచ్చింది.

"ఒక్క లైను ఇడిసిపెట్టిన పెద్దనాయనా. చిన్నక్షరాలు అవసరం లేదన్నడు. సంతకం పెడితే, కంపెనీ ఒప్పుకోకుంట ఈ ముడి నువ్వు ఎవ్వలకు నేర్పద్దు. మీ సొసైటోళ్లకు సుత."

"కొమురెల్లికి సుత చూపెట్టద్దా?"

ఆమె చూపెట్టద్దన్నట్టు తలూపింది.

కెస్లర్ జర్మన్‌లో గట్టిగా ఏదో అన్నాడు. నాకు అర్థమైంది, చెప్తాను: సంతకం పెట్టకపోయినా మేం ముడి చూశాం, రేపే మా పేరున పేటెంటు రాయించుకుంటాం, అతనికి అదే చెప్పు. హిమజ చెప్పింది. చెప్పి, ఆయన చెప్పమననిది కూడా చెప్పింది.

"ఇంకా రాయించలేదు పెద్దనాయనా. రాయించకముందే నలుగురి ముందట చూపెట్టిందాన్ని ఒక్కరి సొంతం చేసుకోరాదు. ఇక్కడి చట్టం గట్లనే."

"నలుగురంటే?"

ఆమె డేరా చుట్టూ చూసింది. సత్తిలింగం కూడా చూశాడు. వేలమంది.

అతను లేచాడు. చొక్కా కిందికి చెయ్యి పోయింది. అయిపోయింది, ఇప్పుడు నన్ను అక్కడే కుక్కుతాడు, కాపలావాళ్లను పిలవడానికి నాకు నోరు లేదే అని ఏడ్చాను. చొక్కా కిందనించి మోకు వచ్చింది. బారలు బారలు మోకు. గేటు దగ్గర సంచి లోపలికి రానివ్వలేదట, నడుముకి చుట్టుకుని తెచ్చాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు మీరు. నేనూ అదే తప్పు చేశాను.

మా డేరాలో బెంచీ ఎక్కితే చప్పట్లు, బల్ల ఎక్కితే గెంటివేత. స్తంభం ఎక్కితే ఏమిటో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎక్కలేదు గనక. సత్తిలింగం చెప్పులు విడిచి పక్కనున్న కట్టె స్తంభానికి మోకు చుట్టి, ముడి వేశాడు. ఒకసారి కాదు. వేశాడు, విప్పాడు, మళ్లీ వేశాడు, పక్క బల్లవాళ్లకి చూపిస్తూ. హిమజ బెంచీ ఎక్కి జర్మన్‌లో అరుస్తోంది: "ఇది మా పెద్దనాయన కట్టిన ముడి! ఫోన్లు తీయండి! చెట్టు మీంచి పడకుండా ఆపే ముడి!"

ఫోన్లు లేచాయి. అతను ఎక్కాడు. తాటిచెట్లెక్కే మనిషికి అది ఆట. మూడు నిలువులు పోయాక రెండు కాళ్లూ వదిలేశాడు.

డేరా ఒక్కసారి నోరు మూసింది. బ్యాండువాడి బూర మధ్యలో ఆగింది. మోకు సర్రున జారి, టక్కున బిగిసింది. మనిషి స్తంభానికి వేలాడుతున్నాడు, చేతులు రెండూ ఖాళీగా చాపి.

ఆ చప్పట్లు నేను ఎప్పుడూ వినలేదు.

కాపలావాళ్లు వచ్చి కిందికి దింపారు. కెస్లర్ అప్పటికే టోపీ మర్చిపోయి వెళ్లిపోయాడు. ట్రౌడల్ కాపలావాళ్లకి అడ్డం నిలబడింది. "మెల్లగా పట్టుకోండి, దొంగ కాదు," అని, "ఏమయ్యా, చుక్క కూడా ముట్టలేదు నువ్వు," అంది అతనితో. హిమజ చెప్తే సత్తిలింగం నావైపు చూశాడు.

"కొలత నిండినంక తాగుత అను."

అతన్ని నడిపించుకుపోయారు. నన్ను ఎత్తుకుపోలేదు. కనీసం తాగలేదు. నా దగ్గర ఏమీ తీసుకోకుండా పోయినవాడు అతనొక్కడే.

పక్క బల్లవాళ్లు నా సున్నం గీటు చూశారు. వాళ్ల దగ్గర సున్నం లేదు, ఆవముద్ద ఉంది. దాంతోనే మగ్గులమీద గీట్లు గీసుకున్నారు. బల్ల నించి బల్లకి పాకింది. పీపావాడు ఆ పూట వంచి పట్టాడు. మర్నాటికి మళ్లీ నిటారే. మనుషుల కోపం కూడా నురగే అనిపించింది. అనిపించింది అంతే, ఇంకా తేల్చలేదు.

పండగ ఆఖరి ఆదివారం హిమజ ఒక్కతే వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు లేదు.

"తీసేశారా?" అంది ట్రౌడల్.

"నేను పోయేలోపే వాళ్లే పంపించేశారు."

"ఆ ముడి?"

"ఊరంతా ఫోన్లలో తిరుగుతోంది. ఎవరూ సొంతం చేసుకోలేరు."

 ట్రౌడల్ నన్ను తీసుకుని పీపా దగ్గరికి తానే నడిచింది, నురగ దిగేదాకా నిలబడింది, మళ్లీ పోయించింది. పుట్టినప్పట్నించీ మొదటిసారి నురగ దిగాక కూడా నా గుర్తుదాకా బీరు నిలిచింది.

హిమజ ఫోనులో ఒక ఫొటో చూపించింది. నేను ముందు అనుమానంగానే చూశాను, ముడి ఎక్కడన్నా తప్పు పడిందేమోనని. ఒక మంచం. చుట్టూ పన్నెండుమంది గీతవాళ్లు మోకులు పట్టుకుని కూర్చున్నారు. మధ్యలో గోడకి చేరగిలబడిన మనిషి, కాళ్లమీద దుప్పటి. ముడి వేసి చూపిస్తున్నది సత్తిలింగం కాదు. ఆ చేతులు కొమురెల్లివి.

ట్రౌడల్ తనకీ ఒక మగ్గు తెచ్చుకుని ఎత్తింది, హిమజ నన్ను ఎత్తింది. ఇద్దరూ కళ్లలోకి చూసుకున్నారు. వాచిన మణికట్టులో అంత బలం ఉందని నాకు తెలియదు. ఢీకొన్న దెబ్బకి అంచు నించి అడుగుదాకా పగిలాను.

ఇప్పుడు గాజు పెంకుల గుట్టలో ఉన్నాను. మళ్లీ కరిగిస్తారట. పళ్ల డాక్టరు మీద, ముసలమ్మ మీద, పీపావాడి మీద నా అనుమానం ఒక్కటీ వెనక్కి తీసుకోను. సత్తిలింగం మీద పడింది మాత్రం తప్పు, ఒప్పుకుంటున్నాను. పగిలినప్పుడు నేను నిండుగా ఉన్నాను. బల్లంతా తడిసింది. ఆ తడిని ఎవరైనా కొలిచి ఉంటే సరిగ్గా లీటరు.