వాసన లేని డ్రమ్ము

దమ్మపేటలో సలీం కంటే సలీం ముక్కుకే పేరెక్కువ. హైదరాబాద్ అవతలి ఫ్యాక్టరీలు వాడి వదిలేసిన నీలం డ్రమ్ములు లారీలో దిగగానే, ఒక్కోదాని మూత తీసి తల లోపల పెట్టి గట్టిగా వాసన పీల్చేవాడు. ఘాటు తగిలితే అది పత్తి రైతుకు, పురుగుమందు కలుపుకోవడానికి. ఏ వాసనా రాకపోతే కడిగి తాగునీళ్లకు అమ్మేవాడు. అందులోనూ మేలైనది ఏరి సొంతింటికి తెచ్చుకునేవాడు. పెళ్లాం బిడ్డల దగ్గర పీనాసితనం చేసే మనిషి కాదు మరి.

ఆ నీళ్లు తాగే పెరిగింది అతని కూతురు షబ్రీన్. పదిహేనేళ్లు నిండినా ఇంకా పెద్దమనిషి కాలేదు. ఎప్పుడు చూసినా నీరసం, దువ్వెన నిండా జుట్టు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇంకా లేదా?" అని ఆరా తీసి తల్లి జహీదా ప్రాణం తోడేసేవారు. బిడ్డ పెద్దమనిషయ్యేదాకా ఎండల్లో బస్టాండు పక్కన చలివేంద్రం నడుపుతానని జహీదా మన్నత్ మొక్కుకుంది. దానికీ సలీం మంచి డ్రమ్మే ఇచ్చాడు.

మొక్కుకున్నా గుబులు తీరక, ఆ మార్చిలో బిడ్డను ఖమ్మం తీసుకెళ్లింది. డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితాలు చూసి, "థైరాయిడ్ తక్కువగా ఉంది. మిగతా హార్మోన్లు కూడా ఈ వయసుకు తగ్గట్టు లేవు. వాళ్ల నాన్న ఏం చేస్తాడమ్మా?" అంది.

"డ్రమ్ముల వ్యాపారం మేడం. ఇంట్ల తాగే నీళ్లకు గుడ మంచి డ్రమ్మే వాడుతం. అస్సలు వాసన రాదు."

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. "కొన్ని ఫ్యాక్టరీ కెమికల్స్‌కు వాసనుండదు, రంగుండదు. ఒంట్లో చేరితే ఏండ్ల తరబడి పోవు. ఎదిగే పిల్లల హార్మోన్లను దెబ్బతీస్తాయేమోనని అనుమానం ఉంది. ఈ అమ్మాయికి అదే అయిందని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఆ పరీక్ష మా దగ్గర లేదు. మందులు రాస్తాను. ఆ డ్రమ్ము మాత్రం మానెయ్యండి."

జహీదా బిడ్డను తీసుకుని బయల్దేరింది. బస్సెక్కగానే మొగుడికి ఫోన్ చేసింది, కొత్తగూడెం దాటాక గానీ కలవలేదు.

"షబ్రీన్ అబ్బా, చలివేంద్రం నీళ్లు పారబొయ్యి. జల్దీ."

"ఏందే నువ్వు? నేను వాసన చూసిన గద."

"అవ్, చూసినవ్. వాసన లేనిదే ఎక్కువ భయమంట."

"గిప్పుడే నింపిన. టెన్త్ పిల్లలు ఇంకో గంటల స్పెషల్ క్లాసు నుంచి వస్తరు."

ఇంకేదో చెప్పబోయింది. అంతలో బస్సు అడవిలోకి రావడంతో సిగ్నల్ పోయింది. దారి పొడవునా ఆమె కళ్ల ముందు ఆ పిల్లలే మెదిలారు. అందరూ షబ్రీన్ ఈడువాళ్లే. వాళ్ల తల్లులు మొన్ననే "పుణ్యాత్మురాలివి" అని తనకు దండం పెట్టారు. ఒళ్లు చెడితే వాళ్ల బిడ్డలకు కూడా తన చేతుల మీదుగానే చెడుతుంది. మన్నత్ మధ్యలో ఆపితే బిడ్డకు ఏమవుతుందోనన్న భయం మరోపక్క. ఏ భయానికి జవాబు చెప్పాలో తెలియక దుపట్టా కొంగు నోట్లో కుక్కుకుంది.

బస్సు దిగేసరికి ఆడపిల్లలు సీసాలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. జహీదా ఉరికింది. సలీం అడ్డం వచ్చాడు.

"మన్నత్ ఇడిసిపెడ్తవా? మంది ఏమనుకుంటరు?"

"అననియ్యి. అల్లాకు నేను జవాబు చెప్పుకుంట."

రెండు చేతులతో డ్రమ్మును తోసింది. నీళ్లు రోడ్డు మీదికి పారాయి. ముందున్న పిల్ల అప్పటికే సీసా నింపుకుని మూత తిప్పుతోంది. జహీదా ఆ సీసా లాక్కుని బోర్లించింది. "దాహమైతుంది ఆంటీ," అని ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

"కొనిస్త బిడ్డా. ఇవి తాగకు."

వెనక నుంచి షబ్రీన్ ఆమె భుజం పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"అమ్మీ, ఇవైతే పారబోసినవ్. నేను తాగినవి?"

జహీదా కూతురి వైపు తిరిగింది. ఆ చల్లటి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. సలీం కిందపడ్డ డ్రమ్ము దగ్గర కూర్చుని, తల లోపల పెట్టి మళ్లీ వాసన పీల్చాడు.