ఏడో నంబరు కింది రాయి

గ్రేసీని టైరు కిందనుంచి బయటికి తీసిన పావుగంటకే బకెట్లతో నీళ్ళు తెప్పించి ఆ టైరు కడిగించాడు సూపర్‌వైజర్ భవానీప్రసాద్. మనిషి మీద అప్పటికింకా గుడ్డ కూడా కప్పలేదు. తల్లి జయమణి తన కొంగే తీసి కూతురి మొహం మీద కప్పి, పక్కన చతికిలబడి కూచుంది. పదడుగుల అవతల ఏడో నంబరు డంపర్ టైరు మీదనుంచి ఎర్రటి నీళ్ళు సున్నపురాయి బురదలోకి కారుతున్నాయి.

"బ్రహ్మయ్యా, నీ బండి పక్కనించి పోనియ్! సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తన్నారు. ఇక్కడ రాయి ఆగితే అక్కడ మిల్లు ఆగుద్ది," అని అరిచాడు భవానీప్రసాద్.

బ్రహ్మయ్య పాతికేళ్ళుగా డ్రైవరు. తల దించుకుని, శవం పక్కనుంచే బండి పోనిచ్చాడు. మిగతావాళ్ళూ పోనిచ్చారు. తొంభై ఎనిమిది జూన్‌లో, జగ్గయ్యపేటకు పది కిలోమీటర్ల అవతల సున్నపురాయి క్వారీలో జరిగింది ఇది. అక్కడ మనిషి చావటం మొదటిసారి కాదు. చూసినవాళ్ళు ఊరుకోకపోవటం మాత్రం అదే మొదలు.

ఏడో నంబరు డ్రైవరు కృపారావు బండి మెట్టు మీద కూచుని తన కుడికాలి వంక చూసుకుంటున్నాడు. ఆ కాలితో అతను బ్రేకు తొక్కాడు. పెడల్ అడుగు పలకకి తగిలేదాకా తొక్కాడు. బండి ఆగలేదు.

ఎందుకు ఆగలేదో చెప్పాలంటే ఆ బండి సంగతి చెప్పాలి. దానికి సెల్ఫ్ పోయి ఎనిమిది నెలలు. తాళం తిప్పితే కదిలే బండి కాదు. అందుకని సాయంత్రం దిగేటప్పుడు దాన్ని ర్యాంపు మీద, మూతి పల్లానికి పెట్టి ఆపేవాళ్ళు. పొద్దున్నే పల్లంలోకి దొర్లిస్తే ఇంజను అందుకునేది. హ్యాండ్‌బ్రేకు పేరుకే ఉంది. తెల్లవార్లూ బండిని పట్టి ఉంచేది ముందు టైరు కింద పెట్టిన ఒక బండరాయి. ఆ రాయి లాగే పని గ్రేసీది. రాయి లాగి, పక్కకు దూకి, "ఊ, అన్నా!" అని అరిచేది. ఆ కేక వినపడ్డాక కృపారావు గేరు వేసేవాడు.

డంపర్లవి గాలి బ్రేకులు. ఇంజను ఆడితేనే గాలి, గాలి ఉంటేనే బ్రేకు. పాత బండి గనక ఉన్న గాలి కాస్తా తెల్లారేసరికి కారిపోయేది. అంటే రాయి లాగిన క్షణం నుంచి ఇంజను అందుకునేదాకా ఆ బండికి బ్రేకే లేదు. ఈ సంగతి కృపారావుకి తెలుసు. భవానీప్రసాద్‌కి తెలుసు. కాంట్రాక్టరు వరప్రసాదరావుకి మరీ బాగా తెలుసు. బండి బాగు చేయించటం కన్నా ఒక ఆడమనిషిని టైరు ముందు నిలబెట్టటం ఆయనకు సులువనిపించింది. సులువే మరి! టైరు ముందు నిలబడేది ఆయన కూతురు కాదు గదా.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని తప్పు పట్టటానికి లేదు. ప్రతి శుక్రవారం బండ్ల కింద పెట్టటానికి నిమ్మకాయలు మర్చిపోకుండా పంపించేవాడు. ఆవేళ శుక్రవారమే. ముందురోజు వానకి రాయి బురదలో దిగబడింది. గ్రేసీ రెండు చేతులా గుంజింది. రాలేదు. మళ్ళీ గుంజింది. రాయి ఒక్కసారిగా ఊడొచ్చింది, గ్రేసీ కాలు జారింది. "ఊ, అన్నా" అన్న కేక రాలేదు, బండి మాత్రం కదిలింది. నలగని నిమ్మకాయ టైరు పక్కన బురదలో పచ్చగా పడి ఉంది.

మధ్యాహ్నం వరప్రసాదరావు వచ్చాడు. కృపారావుని రేకుల షెడ్డులోకి పిలిపించాడు.

"కూచోరా కృపా."

అక్కడ పనిచేస్తున్న ఆరేళ్ళలో ఆ షెడ్డులో అతనికి కుర్చీ చూపించటం అదే మొదటిసారి. కృపారావు కూచోలేదు.

"ఏం భయపడమాకు. నేనున్నాగా. ఈ కాయితం మీద ఒక సంతకం పెట్టు, చాలు."

"ఏముందండి ఇందులో?"

"ఏముంటది? పొద్దున బండంతా చుట్టూ తిరిగి చూసుకున్నావ్. బ్రేకులు బానే ఉన్నయ్. ఆ పిల్లే చెప్పాపెట్టకుండా అడ్డమొచ్చి పడింది. అంతే."

"బ్రేకులు బాలేవు గదండి."

వరప్రసాదరావు నవ్వాడు. కోపం తెచ్చుకుంటే కృపారావుకి కాస్త ధైర్యంగా ఉండేది.

"బాలేవని తెలిసే ఎక్కావా బండి? అట్టా చెప్పు మరి పోలీసులకి. తెలిసి తెలిసి తోలి మనిషిని చంపానని చెప్పు. స్టీరింగ్ పట్టుకుంది నువ్వు, నేను కాదుగా. ఇద్దరాడపిల్లలు నీకు. సోమవారం దాకా టైమిస్తన్నా, ఆలోచించుకో."

కాయితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు కృపారావు. సంతకం పెడితే తను ఇంట్లో ఉంటాడు, చచ్చిపోయిన గ్రేసీ దోషి అవుతుంది. పెట్టకపోతే జైలు. ఎటు తిరిగినా వరప్రసాదరావు మాత్రం ఏ కాయితంలోనూ లేడు. ఎంత బాగా రాయించాడో!

శనివారం గ్రేసీని మట్టిచేశారు. కృపారావు కూడా గ్రేసీ వాళ్ళ పేటవాడే. జయమణిని పిన్నీ అని పిలుస్తాడు. గ్రేసీ అతని కళ్ళముందు పెరిగిన పిల్ల. ఆమె గోతిలో అందరూ తలా పిడికెడు మన్ను వేస్తుంటే అతని చెయ్యి లేవలేదు. జయమణే వచ్చి అతని చేతిలో మన్ను పెట్టింది. ఆ మన్ను వేసి, సమాధుల దొడ్డి గోడవారకు పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. గుడి ముందు వేపచెట్టు నీడలో రాళ్ళేరే ఆడవాళ్ళు నలభై మంది, డ్రైవర్లు పదకొండు మంది కూడారు. బ్రహ్మయ్య అప్పుడే జగ్గయ్యపేట నుంచి వచ్చాడు. ఫ్యాక్టరీ యూనియన్ నాయకుణ్ణి సాయం అడగటానికి పోయాడు.

"ఏమన్నాడు బ్రహ్మయ్యా?"

"టీ తాగించాడు. మీరు కాంట్రాక్టు కూలీలు, మా యూనియన్ కిందికి రారు అన్నాడు. చానా బాధగా ఉందని కూడా అన్నాడు."

ఆడవాళ్ళలో ఒకామె లేచింది. "ఎవుర్నో అడగటమెందుకు? తప్పు డ్రైవర్లది కాదా? బ్రేకుల్లేని బళ్ళు మా మీదికి తోలేది ఎవురు? దొర వచ్చి తోలుతున్నాడా?"

"మేం తోలం అంటే తెల్లారేసరికి గేటు కాడ ఇంకో పదిమంది డ్రైవర్లుంటారు. మా పిల్లలు ఏం తినాల?" అని ఒక డ్రైవరు ఎదురు తిరిగాడు.

"మా పిల్లలు టైర్ల కింద పడాలా?"

మాటా మాటా పెరిగింది. డ్రైవర్లు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు అయ్యారు. కొట్టుకునేదాకా వచ్చింది. వరప్రసాదరావు ఆ వేళ అక్కడుంటే కడుపునిండా సంతోషించేవాడు. అతని రాజ్యం నడిచేదే ఆ తగువు మీద.

అప్పుడు జయమణి లేచింది. ఆమె గొంతు గుడిలో పెద్ద గొంతు. చదువు రాదు గానీ ప్రార్థనలన్నీ నోటికి వచ్చు. ఆవేళ మాత్రం నెమ్మదిగా మాట్లాడింది.

"కృపా, ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. శుక్రవారం పొద్దున బండి చుట్టూ తిరిగి చూసావా?"

అందరూ అతని వైపు తిరిగారు.

"చూళ్ళేదు పిన్నీ. ఏ రోజూ చూళ్ళా. చూస్తే ఎక్కలేను. అందుకే చూడకుండా ఎక్కేవాణ్ణి."

మిగతా పదిమంది డ్రైవర్లు నేల చూపులు చూశారు. ఆ మాట అతనొక్కడిది కాదు, ఆ పదకొండు మందిదీ.

కృపారావు జేబులోంచి కాయితం తీసి అందరికీ వినపడేట్టు చదివాడు. 'మృతురాలి అజాగ్రత్త వలన' అన్న ముక్క రెండుసార్లు చదివాడు.

"సంతకం పెడితే నువ్వు బయటుంటావ్," అంది జయమణి. "నా బిడ్డ తన తప్పుతో తనే సచ్చినట్టు అయిద్ది. పెట్టమని గానీ వద్దని గానీ నేను చెప్పనయ్యా. నీకూ బిడ్డలున్నారు. కానీ ఇంకో మాట చెప్తా. నువ్వొక్కడివే చూస్తే ఎక్కలేవు, నిజమే. అందరం కలిసి చూస్తేనో? అప్పుడు ఏ ఒక్కడూ ఎక్కక్కర్లా."

"అందరం ఎట్టా చూస్తాం?"

"గుడిలో ఒకరు అడుగుతారు, మిగతావాళ్ళం పలుకుతాం గదా, అట్టాగే. బండి ముందు నిలబడి నేను అడుగుతా. డ్రైవరు చూసి చెప్తాడు. లేదంటే లేదని అందరం పలుకుదాం. ఒక్క లేదు వచ్చినా ఆ బండి కింద రాయి తియ్యం."

"నాకు మీ ప్రార్థనలు రావు జయమణమ్మా," అన్నాడు బ్రహ్మయ్య.

"బ్రేకు ఉందా అంటే లేదనటం వచ్చా?"

ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. నవ్వుతూనే సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. కృపారావు కాయితాన్ని చించలేదు. సంతకం లేకుండానే ఇస్తానని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున ఆరింటికి పదకొండు డంపర్లూ ర్యాంపు మీద నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క బండి ముందుకూ జనం గుంపుగా పోయారు.

"గాలి నిలిచిందా?"

బ్రహ్మయ్య ఎక్కి గాలి మీటరు ముల్లు చూసి వచ్చాడు. "లేదు!"

"లేదూ!" అని యాభై గొంతులు పలికాయి.

"హ్యాండ్‌బ్రేకు పట్టిద్దా?"

"లేదు!"

"సెల్ఫ్ తిరిగిద్దా? హారన్ మోగిద్దా? వెనకా ముందూ మనుషులు లేరా?"

ప్రతి ప్రశ్నకీ ఒక మనిషి బండి చుట్టూ తిరిగాడు, వంగాడు, చూశాడు, చెప్పాడు. అన్నేళ్ళలో ఎవరూ చెయ్యని పనికి ఒక్కో బండికి పది నిమిషాలు పట్టింది. పదకొండింటిలో మూడు బండ్లు ఆ ప్రశ్నలకి నిలిచాయి. ఆ మూడింటినీ పనిలోకి పంపారు. మిగతా ఎనిమిదింటి కింద రాళ్ళు కదల్లేదు.

ఎనిమిదింటికల్లా వరప్రసాదరావు కారు, వెనకాలే పోలీసు జీపు వచ్చాయి.

"ఎవడ్రా సమ్మె చేయించింది?"

"సమ్మె ఎక్కడిదండి?" అన్నాడు బ్రహ్మయ్య. "మేం పన్లోనే ఉన్నాం. బండ్లే లేవు."

"బండి బాగుందో లేదో చెప్పటానికి రాళ్ళేరుకునే మీరెవరే? మీరేమన్నా ఇంజనీర్లా?"

జయమణి ముందుకొచ్చింది. "కాదండి. అందుకే అడుగుతున్నాం. బండి బానే ఉందని తమరు కాయితం రాయించారు గదా. అదే ఏడో నంబరు. ఆ రాయి తమరే వచ్చి తియ్యండి. మేం పన్లోకి పోతాం."

వరప్రసాదరావు మొహం ఎర్రబడింది. వెనక్కి తిరిగి, "ప్రసాదూ, పోయి తియ్యరా!" అన్నాడు.

భవానీప్రసాద్ వెళ్ళాడు. ప్యాంటు పైకి లాక్కుని టైరు ముందు వంగాడు. రాయి మీద రెండు చేతులూ వేశాడు. వేసి, తల పైకెత్తి చూశాడు. తన మొహానికి జానెడు దూరంలో టైరు. దాని పైన టన్నుల కొద్దీ ఇనుము. అతను బురద వంక చూశాడు, తన చెప్పుల వంక చూశాడు, దూకటానికి పక్కన చోటు ఎంతుందో చూశాడు. శుక్రవారం గ్రేసీ చూసినవన్నీ ఆవేళ అతనూ చూశాడు. గ్రేసీ మాత్రం చూసి కూడా లాగాల్సి వచ్చింది.

"తియ్యవేందిరా?"

భవానీప్రసాద్ చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. "గాలి... గాలి లేదు సార్ బండికి," అన్నాడు చిన్నగా.

"లేదూ!" అన్నారు జనం. ఆ మాట క్వారీ గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చింది. ఆడవాళ్ళలో కొందరు భోరుమన్నారు. జయమణి ఏడవలేదు. రాయినే చూస్తూ నిలబడింది.

వరప్రసాదరావు ఎస్సై చెవిలో ఏదో చెప్పాడు. ఎస్సై కృపారావు దగ్గరికి వచ్చాడు. "నువ్వేగా ఆ పిల్లని గుద్దింది? ఎక్కు జీపు."

కృపారావు జేబులోంచి కాయితం తీసి ఎస్సై చేతిలో పెట్టాడు. సంతకం ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

"ఇందులో రాసింది అబద్ధమండి. బ్రేకు లేదు. లేదని నాకు తెలుసు. తెలిసే ఎక్కా, అది నా తప్పు. నేనొస్తా. కానీ లేదని ఆయనకీ తెలుసు. ఆయన్ని కూడా ఎక్కించండి."

ఎస్సై ఆ మాట వినపడనట్టే కాయితం మడిచాడు. జనం జీపుకి అడ్డం పడబోయారు. కృపారావే వద్దన్నాడు. "నా కోసం ఆగమాకండి. బండ్లు మాత్రం కదలనియ్యమాకండి."

జీపు స్టార్ట్ కాలేదు. "తొయ్యండ్రా!" అన్నాడు ఎస్సై. యాభైమంది నిలబడి ఉన్నారు, ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. చివరికి ఇద్దరు కానిస్టేబుళ్ళూ, భవానీప్రసాదూ కలిసి గేటు దాకా తోశారు.

పద్నాలుగు రోజుల తర్వాత కృపారావుని వాయిదాకి నందిగామ కోర్టుకు తెచ్చారు. వరప్రసాదరావు మీద కేసూ లేదు, ఊసూ లేదు. వరండాలో బేడీలతో కూచున్న కృపారావుకి కోర్టు ఆవరణ నిండా తెలిసిన మొహాలు కనిపించాయి. తెలియని మొహాలు అంతకన్నా ఎక్కువగా ఉన్నాయి. బ్రహ్మయ్య కానిస్టేబుల్‌ని బతిమాలుకుని దగ్గరికి వచ్చాడు.

"వీళ్ళంతా ఎవరు బాబాయ్?"

"పక్క క్వారీల వాళ్ళు. వాళ్ళూ బండ్ల ముందు నిలబడి అడగటం మొదలుపెట్టారు. మన దొర బయట్నించి డ్రైవర్లని తోలుకొచ్చాడు. మొదటి రోజే మీ పిన్ని వాళ్ళ ముందు నిలబడి అడిగింది. ఇద్దరు తిట్టారు. మూడోవాడు కిందికి దిగి బండి చుట్టూ తిరిగి చూసాడు. చూసి, ఇంక ఎక్కలా."

లోపల తన పేరు పిలిచారు. కృపారావు లేస్తూ ఒక్కటే అడిగాడు.

"ఏడో నంబరు?"

"ఇంకా ఆ రాయి మీదే ఆగి ఉంది," అన్నాడు బ్రహ్మయ్య.