అరవై అని రాసిన పుల్లలు

బాణపు పుల్లను వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. వంకర లేదు. వేళ్ల మధ్య దొర్లించాడు. ముడి తగల్లేదు. రెండు మేకుల మీద అడ్డంగా పెట్టి, నడుమ ఇనుప గుండు తగిలించాడు. పుల్ల కాస్త వంగింది. పక్కనున్న ముల్లు యాభై ఐదు దగ్గర ఆగింది. పెన్సిలుతో చివర ఆ అంకె రాసి, అరలో పెట్టి, ఇంకోటి తీశాడు.

ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఆ బాణాల కార్ఖానాలో అందరికీ అతను కొలతల బాబాయి. విల్లు బలమైనదైతే పుల్ల బిరుసుగా ఉండాలి. లాగే బలం తక్కువైతే వంగే పుల్ల కావాలి. జోడీ కుదరకపోతే బాణం పక్కకు పోతుంది. ఏ బలానికి ఏ పుల్లో చెప్పేది ఆ చిన్న అంకే. కొన్నవాళ్లెవరూ మళ్లీ కొలిచి చూసుకోరు. అతను రాశాడంటే అంతే. నడుము పట్టేసింది, వేళ్లు మొద్దుబారాయి, అంకె మాత్రం తప్పలేదు.

ఒక్క బావ విషయంలో తప్ప.

బావ విలువిద్య నేర్పుతాడు. మూడేళ్ల కింద అతని భుజంలో పట్టు తగ్గింది. నారిని చెవిదాకా లాగుతున్నాననే అనుకున్నాడు. అది గడ్డం దాటి రావడం లేదు. బాణాలు ఎడమకు పోసాగాయి. పుల్లలు బాగాలేవని విసుక్కున్నాడు, అన్నం మానేశాడు. అక్క వచ్చి ఈ స్టూలు పక్కనే కాసేపు కూర్చుని, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. ఆ వారం కొలతల బాబాయి నలభై ఐదు కొలత వచ్చిన పుల్లలు పన్నెండు ఏరి, వాటి మీద బావ విల్లుకు తగ్గ అరవై అని రాశాడు. బాణాలు నేరుగా వెళ్లాయి. అప్పటినుంచి ఏటా అదే.

మధ్యాహ్నం బావే వచ్చాడు. వెనకాల యజమాని.

"ఏరా బామ్మర్దీ, నిద్రలో రాశావా ఇది?" బావ ఒక బాణాన్ని బల్ల మీద పడేశాడు. "నిన్న పోటీలో మా శిష్యురాలి బాణాలు విరిగితే నావి ఇచ్చా. దానిదీ అరవై విల్లే. ఆరుకి ఆరూ కుడికి కొట్టుకుపోయాయి. మైదానమంతా నవ్వింది."

యజమాని బాణం కొననున్న ములుకు ఊడదీసి, పుల్లను మేకుల మీద పెట్టి గుండు తగిలించాడు. నలభై ఐదు.

"ఇది నీ చేతిరాతే కదా బాబాయ్?"

"నాదే."

"మరి ఈయన వేస్తే నేరుగా పోయేవట."

"దారం పట్టినట్టు పోయేవి," అన్నాడు బావ. "అదే అంతుపట్టట్లేదు. నేను వేస్తే ఒకలా, ఆ పిల్ల వేస్తే..." మాట ఆగింది. అతని చెయ్యి తెలియకుండానే భుజం మీదికి వెళ్లింది. యజమాని చూపు కూడా అటే వెళ్లింది.

ఇంకొక్క క్షణం చాలు. ఇద్దరికీ తెలిసిపోతుంది.

"నాకు కళ్లు ఆనట్లేదు," అన్నాడు కొలతల బాబాయి. "చాన్నాళ్లయింది. చెప్తే మానిపిస్తారని చెప్పలేదు. ముల్లు మసగ్గా ఉంటుంది. తోచిందేదో రాస్తున్నా."

బావ చెయ్యి భుజం మీంచి దిగింది. మొహం విప్పారింది.

"చూశారా? పనికిరాని పుల్లల్ని కూడా నా చెయ్యి నేరుగా పంపింది. వీడు నాకన్నా నాలుగేళ్లు చిన్నోడు, అప్పుడే గుడ్డోడయ్యాడు." నవ్వి, బామ్మర్ది వీపు తట్టాడు. "ఎల్లుండి పోటీలో నేను దిగాలి. అసలైన అరవైలు పన్నెండు ఇప్పించండి."

ఈసారి యజమానే కొలిచాడు. కొలతల బాబాయికి ములుకులు బిగించే పని మాత్రం మిగిలింది. ములుకుల డబ్బా ముందు అతని చెయ్యి ఆగింది. కొన బరువెక్కినా, పొడుగు పెరిగినా బిరుసు పుల్ల కూడా మెత్తగా వంగుతుంది. అన్నిటికన్నా బరువైనవి ఏరి, పుల్లల్ని రెండు వేళ్ల పొడుగు ఎక్కువుంచి బిగించాడు. ఈ ఉపాయం మూడేళ్ల కిందే తట్టి ఉంటే అబద్ధపు అంకె రాసే అవసరమే ఉండేది కాదు. విసుగ్గా నవ్వుకున్నాడు.

"బరువుగా ఉన్నాయేంట్రా?"

"అసలైన అరవై అలాగే ఉంటుంది బావా."

బావ వెళ్లాక యజమాని నేల చూపులు చూశాడు. "రేపట్నుంచి విశ్రాంతి తీసుకో బాబాయ్. అరల్లో ఉన్నవన్నీ మళ్లీ కొలవాలి."

"కొలవాలి మరి."

యజమాని మొదటి పుల్ల మీది అంకెను రబ్బరుతో చెరిపి, గుండు తగిలించాడు. "యాభై ఐదు," అన్నాడు. చెరిపిందీ అదే. రెండోది యాభై. అదీ అంతే. మూడోది తీసుకుంటూ కనుబొమలు ముడిచాడు.

నాలుగోది కొలిచేలోపు వెళ్లిపోవాలి. కొలతల బాబాయి చెప్పులు తొడుక్కుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు. "బాబాయ్" అన్న పిలుపు వినిపించింది. వీధి మలుపు తిరిగాడు.

స్టూలు పైన కిటికీ తెరిచే ఉంది. దాని రెక్క పడిపోకుండా, కొలతల బాబాయి పనిలో చేరిన వారం వంకరుందని పక్కన పడేసిన పుల్ల ఒకటి ఆసరాగా నిలబడి ఉంది, ఎండకు నల్లబడి, చివర చెరగని అంకెతో.