ష్ష్ దెబ్బ

డోలు మాస్టారికి అక్క కొడుకంటే ప్రాణం. స్టూడియోలన్నీ వెంట తిప్పి, రికార్డింగ్ పనిలో వాణ్ణి నిలబెట్టింది ఆయనే.

"మావయ్యా, నీ చేతి దెబ్బలన్నీ ఒక్కొక్కటిగా దాచిపెడదాం. నీ తర్వాత ఇవి ఎవరికొస్తాయి?" అని వాడడిగితే కరిగిపోయాడు.

పదకొండు రోజులు పొద్దున్నే వెళ్లి మైకు ముందు కూర్చున్నాడు. ఒక్కో దెబ్బా మెల్లగా, ఓ మాదిరిగా, గట్టిగా, ఐదేసి సార్లు. రికార్డర్ తనంతట తానే వాటికి 'ట్రాక్ 1', 'ట్రాక్ 2' అని పేర్లు పెట్టేది.

"ఇలా వదిలేస్తే రేపు ఏది ఏదో నాకే తెలీదు. దీన్నేమంటావు మావయ్యా?"

"ష్ష్ దెబ్బ. మా అమ్మాయి ఉయ్యాల్లో ఉన్నప్పుడు నిద్ర చెడకుండా సాధన చేసేవాణ్ణి. మీ అత్త తలుపు దగ్గర నిలబడి 'ష్ష్' అనేది."

వాడు నవ్వుతూ టైపు చేశాడు: ష్ష్ దెబ్బ, మెల్లగా, మూడు. దెబ్బకో ఫోల్డరు. మాస్టారు పక్కనే కూర్చుని తప్పులు కూడా దిద్దాడు.

ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. నాలుగు నెలలు చూసి, తరచూ వాయించే స్టూడియోకి తనే వెళ్లాడు. కొత్తగా చేరిన రికార్డిస్టు అమ్మాయి కుర్చీ వేసింది.

"డోలు పనేమన్నా ఉందా అమ్మా?"

"ఇప్పుడు మనిషి అక్కర్లేదండీ. డోలు దెబ్బలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, కావాల్సినవి ఏరి పాటలో పేర్చుకుంటాం. చూడండి, ఎంత పొందిగ్గా సర్దారో!" అని తెర ఆయన వైపు తిప్పింది.

కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. అన్నీ తను చెప్పిన పేర్లే. కింద, ష్ష్ దెబ్బ, మెల్లగా, మూడు.

"ఈ పేరు భలే ఉందండీ. ఎవరు పెట్టారో!"

ఇవి ఎవరిచ్చారని మాస్టారు అడిగాడు. ఆమె మేనల్లుడి పేరే చెప్పింది. ఊళ్లో స్టూడియోలన్నీ వాడి దగ్గరే కొన్నాయట.

అటునుంచటే వాడింటికి వెళ్లాడు.

"దాచిపెడదామన్నావు కదరా!"

"దాచే ఉన్నాయిగా మావయ్యా. నువ్విప్పుడు వందచోట్ల వాయిస్తున్నావు."

"నేనా? నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నానురా."

"నేను కాకపోతే ఇంకొకడు చేసేవాడు."

"ఇంకొకడికైతే పేర్లు చెప్పేవాణ్ణి కాదు."

వాడు తల దించుకున్నాడు. "తీసెయ్" అన్నాడు మాస్టారు. చేయి దాటిపోయిందన్నాడు వాడు.

మర్నాడు అక్క వచ్చి ఏడ్చింది. "చిన్నవాడురా, నా మొహం చూసి క్షమించు."

"నీతో నాకేం గొడవలేదక్కా. ఎప్పుడైనా రా. వాణ్ణి మాత్రం తీసుకురాకు."

ఆమె వెళ్లాక మంచం అంచున కూర్చున్నాడు. డోలు పని పోయినందుకు కాదు, పదకొండు రోజులూ తనెంత సంతోషంగా వెళ్లాడో గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇప్పుడు ఒక నాట్య బృందానికి సాధనలో వాయిస్తున్నాడు. చేతులు బాగానే ఆడుతున్నాయి. ఎవరైనా ఫోను బయటికి తీస్తే మాత్రం, వాయించడం మధ్యలో ఆపేసి, వాళ్లు దాన్ని లోపల పెట్టేదాకా చూస్తూ కూర్చుంటాడు.